పది రోజులు బోర్లా

విజయనగరంలో సన్యాసిరావుకు రెటీనా ఊడింది. ఆస్పత్రిలో దాన్ని అతికించి, అది అంటుకునేదాకా నొక్కి ఉంచడానికి కంట్లో గ్యాసు బుడగ పెట్టారు. పది రోజులు తల దించే ఉండాలి. ఎత్తితే బుడగ జరుగుతుంది, రెటీనా మళ్లీ ఊడుతుంది, ఆ కంటికి చూపు పోతుంది. అందుకని మెడ వెనక ఒక బిళ్ల అంటించారు. తల లేచిందంటే బిళ్ల ఇంటి గోడకు చెబుతుంది, గోడ వీధి వినేలా అరుస్తుంది. అప్పటికి ఊళ్లో గోడలన్నీ మాట్లాడుతున్నాయి.

నాలుగో రోజు గోడ మెల్లగా పలికింది.

"వరహాలమ్మగారూ, మీవారు గంట నుంచి తల కదపలేదు. చాలా సంతోషం. కాకపోతే నాడి దొరకడం లేదు."

వరహాలమ్మ పరుగున వచ్చింది. బిళ్ల వడియాల కోసం తెచ్చిన బూడిద గుమ్మడికాయకు అంటించి ఉంది. భర్త కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు.

"ఏటండీ ఇది? మీరేమైనా చిన్నపిల్లాడా?"

"నేలకేసి ఎంతసేపని చూస్తానే? విసుగొచ్చి చస్తన్నాను."

ఆస్పత్రిలో స్కాన్ తీశారు. రెటీనా అంచు కాస్త లేచిందని, ఇకనైనా తల దించి ఉంటే రెండో ఆపరేషన్ తప్పవచ్చని డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చాక సన్యాసిరావు, తల దగ్గర కన్నమున్న మంచం మీద మళ్లీ బోర్లా పడుకున్నాడు. వరహాలమ్మ మంచం కింద చాప పరిచి, ఆయన మొహానికి ఎదురుగా వెల్లకిలా పడుకుంది.

"నువ్వు ఇద్దరుగా కనబడతన్నావే."

"ఒకర్తితోనే వేగలేకపోయారు. ఇప్పుడేం చేస్తారో చూస్తాను."

రోజూ అక్కడే కబుర్లు. పదో రోజు డాక్టరు చూసి, రెటీనా అంటుకుంది, ఇక తల ఎత్తవచ్చన్నాడు.

సన్యాసిరావు ఎత్తలేదు. "ఎందుకైనా మంచిది, ఇంకో రెండ్రోజులు ఉండమంటారా?" అని అడిగాడు.