ఆరుంబావు పిట్ట

“పెళ్ళికానోళ్ళని చూడ్డానికి ఎల్తన్నారటగా వదినా! మావోడి ఫోటో కూడా అట్టుకెళ్ళండి.”

పక్కింటి నూకమ్మ తన కొడుకు గిరీష్ ఫోటోతో గుమ్మంలో నిలబడేసరికి రజనీకుమారి తెల్లబోయింది. కుర్చీలో ఉన్న ఆమె భర్త తిరుమలరావు పగలబడి నవ్వాడు.

“పెళ్ళికానోళ్ళు కాదు నూకమ్మా, పెలికాన్లు! మీ వదిన పుట్టిన తేలినీలాపురంలో వాలే బాతులు. ముక్కు కింద సంచీ ఏలాడతాది. మీవోడికి నచ్చితే చెప్పు, మాటాడతాను.”

“గూడబాతులు,” అంది రజనీకుమారి. “మా ఊరి చెట్ల మీదకి పురిటికొస్తాయి. పెళ్ళయ్యాక ఒక్కసారీ చూళ్ళేదు. ఎప్పుడూ వేసవి సెలవుల్లోనే వెళ్ళేవాళ్ళం, అప్పటికి ఎగిరిపోయేవి. ఇంకో నెల దాటితే ఈ ఏడూ అంతే.”

“నేనేటి చేసేది? విశాఖ బండి రద్దు. లైన్లో పనులు. ఫోన్లో చూసే కదా టికెట్లు కేన్సిల్ చేశాను!”

తిరుమలరావు ముప్పై నాలుగేళ్ళు ఉక్కు ప్లాంటు రైల్ మిల్లులో దేశానికి పట్టాలు చేసి రిటైరైన మనిషి. తను మాత్రం పట్టాలెక్కడు. పక్షుల పట్ల ఆయనకు ఏ పక్షపాతమూ లేదు; ఆయనది ఎప్పుడూ పేకముక్కల పక్షమే. సాయంత్రం ఐదయితే క్లబ్బులో ఉండాలి. ఇల్లు చేరేది ఎనిమిదికి.

ప్రయాణం ఆగి మూడు వారాలైంది. ఊరికోసం కొన్న బైనాక్యులర్స్‌తో రజనీకుమారి రోజూ సాయంత్రం, చెట్లూ ప్లాంటు గొట్టాలూ స్టేషనూ అన్నీ కనబడే డాబా ఎక్కుతోంది. చూసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటోంది. రైలుకైతే రద్దు పడింది గానీ, తిరుమలరావు వెటకారానికి హద్దు పడలేదు.

“మన కేంప్ టూ కాలనీలో పిట్టలేటే? ఈ ఎర్రదుమ్ముకి కాకి కూడా చిలకలా ముక్కు ఎర్రగా చేసుకుని తిరుగుతాది!”

“ఉన్నవే చూస్తున్నాను,” అనేది ఆమె.

ఆదివారం పొద్దున్న పేకాట మిత్రుడు దక్షిణామూర్తి ఇంటికొచ్చాడు. నూకమ్మ కూడా పెరుగు తోడు కోసం వచ్చి నిలబడింది. జనం దొరికారు కదా అని తిరుమలరావు భార్య నోటుపుస్తకం లాగి గొంతు సవరించుకున్నాడు.

“వినండి, మా ఇంటి పక్షిరాణి జనాభా లెక్కలు! ‘కాకులు నలభై. గోరింకలు ఆరు. చిలకలు నాలుగు.’ కాకులు లెక్కెట్టడానికి బైనాక్యులర్సు! ఇదిగో అసలైంది: ‘ఆరుంబావు. నీలం. దూరం నుంచే వినబడింది. రెండు నిమిషాలు ఆగింది. తూర్పుకి వెళ్ళింది.’ మర్నాడూ అదే! మూడు వారాలూ అదే!”

“నీలమంటే లకుముకిపిట్ట అయ్యుంటాది భయ్యా,” అన్నాడు దక్షిణామూర్తి.

“పాలపిట్టేమో,” అంది నూకమ్మ. “కనబడితే శుభం.”

“ఆగండి, ఇంకా ఉంది. ‘ఈరోజు ఇరవై నిమిషాలు ఆలస్యం.’ పిట్టకి ఆలస్యమేటే? బీ షిఫ్టు డ్యూటీయా?”

దక్షిణామూర్తి పొట్ట పట్టుకున్నాడు. నూకమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. రజనీకుమారి నవ్వలేదు.

“నవ్వడం అయిందా? అందులో నేను రాసింది అబద్ధమంటారా?”

“అబద్ధం కాకపోతే కాకమ్మ కథ. అలా టయానికి దిగే పిట్ట ఈ భూమ్మీద లేదు. ఉంటే పేరు చెప్పు. ఇంతమందిలో ఒట్టేసి చెప్తన్నాను, రేపే నిన్ను తేలినీలాపురం తీసికెళ్తాను. బండి లేకపోతే బస్సు, బస్సు లేకపోతే భుజం!”

“విన్నారుగా అన్నయ్యా?” అంది రజనీకుమారి దక్షిణామూర్తితో.

“విన్నానమ్మా. మాట తప్పితే రేపట్నుంచి వీడికి ముక్కలు పంచం.”

“నువ్వూ విన్నావుగా నూకమ్మా?”

“విన్నాను వదినా. ఏ పిట్టో చెప్పీ!”

రజనీకుమారి భర్త చేతిలోంచి పుస్తకం తీసుకుని, మూసి, బీరువా మీదున్న పెట్టె కిందకు దింపింది. దాని దుమ్ము దులిపి నూకమ్మ వైపు తిరిగింది.

“అది మీ అన్నయ్య రద్దయిందన్న విశాఖ బండి.”