రాఘవమ్మ హస్తవాసి

గొట్టం మాత్రను రెండుగా విప్పి, లోపలి పొడిని మామయ్య కాలి పుండు మీద చల్లింది మా అత్తయ్య రాఘవమ్మ.

"రేపెల్లుండికల్లా ఎండుద్ది చూడు" అంది ధీమాగా.

రొంపిచెర్లలో మా వీధి వీధంతా దెబ్బ తగిలితే అత్తయ్య దగ్గరికే వస్తుంది. ఆమె హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

నేను నరసరావుపేటలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. రోగుల చీములో ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు చస్తుందో చూడడమే నా ఉద్యోగం.

"అది మింగే మందు అత్తయ్యా, చల్లేది కాదు" అన్నాను.

"నువ్వు పుట్టకముందు నించీ చల్లతన్నా. ఎవురన్నా సచ్చారా?"

ఆ నోటితో ఎవరు గెలుస్తారు!

మామయ్య పిచ్చియ్య బండలు పరిచే మేస్త్రి. నాపరాయి జారి మోకాలి కింద చీరుకుపోయింది. పుండు ఎండలేదు సరికదా, జ్వరం పట్టుకుంది. ఆఖరికి మా ఆసుపత్రిలో చేర్చాం.

చీము పరీక్ష నేనే చేశాను. స్టాఫిలోకాకస్ అనే క్రిమి. మామూలుగా క్రిమిని పెంచే గాజు పళ్లెంలో, మేం పెట్టే మందు అద్దిన కాగితపు బిళ్లల చుట్టూ అది చచ్చి ఖాళీ ఏర్పడాలి. ఇదేమో ఒకటీ అరా తప్ప అన్ని బిళ్లల అంచుల దాకా దర్జాగా పెరిగింది.

డాక్టర్ రామబ్రహ్మం గారు దాన్ని జన్యు పరీక్షకు పంపించారు.

"మందు ఎక్కడ పట్టుకోవాలో ఆ చోటునే మార్చేసే జన్యువు ఉందమ్మా దీంట్లో. ఇక సూదిమందే గతి" అన్నారు.

సూదిమందుతో తగ్గింది. ఇంటికొచ్చాం. కొత్త చర్మం కూడా వేసింది.

మళ్లీ చీము పట్టింది.

"ఎముకకు చేరితే మోకాలి దాకా తీసెయ్యాల్సిందే. ఇంట్లో ఎవరో ఈ క్రిమిని మోస్తున్నారు. మనిషి ముక్కులో ఇది హాయిగా కాపురముంటుంది, ఆ మనిషికేమీ కాదు. అందరి ముక్కుల్లోంచీ నమూనాలు పట్రా" అన్నారు డాక్టరు.

కాలు తీసేస్తే మామయ్య ఎక్కడ గొంతుకూర్చుని బండ పరుస్తాడు?

మా ఆయన ఇచ్చాడు. నేనూ ఇచ్చాను. "ముక్కులో పుల్ల పెడతావా, ఇదేం సోద్యమే!" అంటూ తుమ్మి, నవ్వి, అత్తయ్యా ఇచ్చింది.

ఆమె ముక్కులో ఉంది. అదే క్రిమి, అదే జన్యువు.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అత్తయ్య కట్టు మారుస్తోంది. సబ్బుతో చేతులు కడుక్కుంది. కొత్త గుడ్డ ప్యాకెట్ విప్పింది. పొడి చల్లడం కూడా మానేసింది, పాపం. అన్నీ నేను చెప్పినట్టే చేస్తోంది.

మందునీళ్లు తగలగానే మామయ్య మూలిగాడు.

అత్తయ్య వంగి, పుండు దగ్గర మొహం పెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

ఊదొద్దని చెప్పాలని ఎవరికి తోస్తుంది!

"అత్తయ్యా, ఆపు!" అని అరిచాను.

వంటింట్లోకి తీసుకెళ్లి, కక్కలేక మింగలేక సంగతి చెప్పాను. నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. పడినా బాగుండేది.

"నా ముక్కులోదేనా?" అంది.

"ముక్కులో రాసుకునే మందుంది, పోద్ది. అందాకా మామయ్య కట్టు నువ్వు ముట్టుకోవద్దు."

"నాకెట్టా వచ్చిందే?"

"చెప్పలేం. అరకొరగా మందు పడితే చచ్చేవి చస్తాయి, మందుకు లొంగనివి మిగుల్తాయి. ఎవరి పుండు నుంచో నీకు అంటుకొని ఉంటుంది."

"ఈ వీధిలో ఎంతమందికి సల్లానే గోపికా..."

చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంది. ఆ మనిషిని అట్లా చూడలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది.

మామయ్యకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

సూదిమందు మళ్లీ మొదలైంది. కాలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు.

కట్టు ఇప్పుడు నేనే కడుతున్నాను. అత్తయ్య గడప అవతల, ముక్కుకూ నోటికీ కొంగు అడ్డం పెట్టుకుని నిలబడుతుంది.

"నెమ్మదే... ఆడ కాదు, పక్క నించి తుడువు. నీది మొద్దు చెయ్యే అమ్మాయ్!"

మామయ్య కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టాడు.

"అబ్బా, మంట... ఏమే, ఊదవేంది?"

అత్తయ్య అటూ ఇటూ చూసింది. గూట్లో ఉన్న అట్టముక్క లాగి, గడప అవతల నుంచే విసరడం మొదలుపెట్టింది.

ఆ గాలి మామయ్య పక్కనున్న నా దాకా కూడా రావడం లేదు.

మామయ్య కళ్లు తెరిచి గడప వైపు చూశాడు. కాసేపు అట్లానే చూశాడు.

"సల్లగుందిలేవే. ఇంక సాలు, చెయ్యి నొప్పెట్టుద్ది" అన్నాడు.

అత్తయ్య ఆపలేదు.