కుంకుమనీళ్ల కొరడా

సిలువ నాటకంలో నన్ను రోమా సైనికుణ్ణి చేశారు. డిగ్రీ చదివినందుకు దక్కిన తొలి ప్రమోషన్. అంతకుముందు, కంబదూరు పిల్లలకు సేవ చేయడానికి విదేశం నుంచి వచ్చిన మార్టిన్ గారి మాటలను తెలుగులో చెప్పేవాణ్ణి.

ఏసు వేషం ఆయనది. కుంకుమనీళ్లలో ముంచిన కొరడాతో సిలువ మీదున్న ఆయన తెల్లచొక్కా మీద శాస్త్రోక్తంగా మూడు దెబ్బలు వేశాను. చొక్కా ఎర్రబడింది.

"మా సారును సంపుతాండాడు! ఎయ్యండ్రా వాన్ని!"

జొన్నచేను కావలి నుంచి నేరుగా వచ్చిన హేమావతి అరుపు అది. పిట్టలను తోలే వడిసెల ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

ముప్పైమంది పిల్లలు రాళ్లందుకున్నారు. మా జిల్లాలో కరువు లేనిది రాళ్లకే. రేకు టోపీ ఎగిరిపోయింది. నుదురు పగిలి కిందపడ్డాను. "యాక్టింగ్ పాపా, యాక్టింగ్!" అంటుంటే నోట్లోకి నెత్తురు కారింది.

ఏసు సిలువ దిగి పరుగెత్తుకొచ్చి నా మీద బోర్లా పడ్డాడు. హేమావతి వడిసెల రాయి ఆయన తలకు తగిలింది.

మర్నాడు ఏడు కుట్లతో నిలబడి, రోజూ చెప్పే మాటే చెప్పాడాయన: మనకు పడాల్సిన దెబ్బలు ప్రభువు తిన్నాడని. వారం రోజులుగా బబుల్‌గమ్ నములుతూ ఆ వాక్యాన్ని తెలుగు చేసిన నేను, ఆ పూట గమ్ ఉమ్మేసి నోరు తెరవబోయాను.

హేమావతి లేచి నిలబడింది.

"నువ్వు చెప్పే పన్లేదన్నా. మేం చూసినాం గదా."