చావుగంట బొమ్మ

చీకటిపడ్డాక నెల్లిమర్ల చర్చి ఆఫీసులో ప్రిస్కిల్లా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల ఐకాన్ బొమ్మలు తెర కింది మూలలో ఇంకా పేరుకుని ఉన్నాయి. వెనక ప్రోగ్రాం లేని బొమ్మ, మౌసు బాణం తగిలితే చాలు, మాయమవుతుంది. ఆమె బాణాన్ని వాటి మీదుగా తిప్పితే అన్నీ పోయాయి. గంట బొమ్మ మాత్రం పోలేదు.

సంఘంలో ఎవరైనా చనిపోతే మైకులో చావుగంట మోగించే ప్రోగ్రాం అది. దాన్ని పెట్టిన గుమాస్తా ఏసుదానం చనిపోయాక, ఆ పనిలోకి వచ్చిన ప్రిస్కిల్లాయే తీసేసింది.

"విక్టర్ మావా, దీన్ని మళ్లీ ఎవులెక్కించినారు?" గుమ్మంలో ఉన్న వాచ్‌మన్‌ను అనుమానంగా అడిగింది.

"ఆఫీసు తాళం నీ కాడే ఉన్నాది కదమ్మా."

ఆమె బాణాన్ని గంట మీదే ఆపింది. పక్కన కనిపించిన చిన్న అక్షరాలను పైకి చదివింది: "ఈ రాత్రి మోగుతుంది."

పైన మైకు సన్నగా గరగరలాడింది. విక్టర్ తెర మీంచి చూపు తిప్పి ఆమెనే చూశాడు.

"ఎవుల కోసమమ్మా?"