పుప్పొడి పడిన నత్త

కుంట గట్టుకు మూడు వందల నత్తలు కాపలా. ఎక్కడ నీరు ఊరినా ఒక నత్త వెళ్లి ఆ చిల్లుకు అతుక్కునేది. అందుకే గాలి కూడా కునుకు తీస్తున్నట్టుండే ఆ కుంటలో నీళ్లు ఎప్పుడూ అంచుదాకా ఉండేవి.

పోయిన వానల్లో నెత్తురు పీల్చే జలగలు కుంటలోకి వచ్చాయి. గట్టు మీద గూడు కట్టుకున్న కందిరీగలు వాటి ఒంటి జిగురును గుర్తుపట్టి, కొంగకు ఆనవాలుగా పుప్పొడి చల్లాయి. పుప్పొడి కనిపిస్తే చాలు, కొంగ మింగేస్తుంది, ఎవరని అడగదు. జలగలు పోయాయి. కందిరీగలు మాత్రం ఆగలేదు, ఎందుకంటే నత్తలకూ జిగురుంది.

ముత్తి అనే చిన్న నత్త మిగిలిన నత్తలను రోజూ లెక్కపెట్టింది. కొన్నాళ్లకు నూట ఎనభై. ఇంకొన్నాళ్లకు తొంభై. ఇప్పుడు ఇరవై ఒకటి. చిల్లులు మూసేవాళ్లు చాలక ఎర్రమట్టి గట్టు చుక్కలు చుక్కలుగా తడిసింది.

"అక్కా, రోజుకు ఏడుగురం పోతున్నాం. మూడు రోజుల్లో గట్టుకు ఎవరూ మిగలరు," అంది ఒక కందిరీగతో.

"జిగురున్నవాళ్లంతా ఇలాగే తీయగా మాట్లాడతారు," అంటూ కందిరీగ ముత్తి వీపు మీద పుప్పొడి చల్లింది.

అంతలో కందిరీగ గూటి కింద మట్టి జారి నీరు ఊరసాగింది. ముత్తి పాక్కుంటూ వెళ్లి ఆ చిల్లుకు అతుక్కుంది. నీరు ఆగింది.

కందిరీగ ముత్తి పక్కన వాలింది. "మాకు చల్లడమే వచ్చు చెల్లీ. తుడవడం రాదు."

"కొంగతో మాట్లాడటం వచ్చా?"

"ఇప్పటిదాకా ఎవరం మాట్లాడలేదు."

పొగమంచులోంచి కొంగ నెమ్మదిగా నడిచొస్తోంది. ముత్తి చిల్లు వదల్లేదు. కందిరీగ రెక్కలు విదిల్చి, మొదటి మాట ఏమనాలో వెతుక్కుంటూ కొంగ ముక్కుకు ఎదురుగా బయల్దేరింది.