గిటార్ కూర్చున్న సీటు

"ఏమ్మా, పెట్టెను కూసోబెట్టి మనిషిని నిలబెడ్తవా?"

వెనక సీట్లోంచి కూరగాయల శాంతమ్మ గట్టిగానే అడిగింది.

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సు అది. కాలు పెట్టే సందు లేదు. భవ్యశ్రీ కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్క సీట్లో, నల్ల పెట్టెలో, గిటార్ కూర్చుంది.

ఆ సీటును ఆనుకొని ఒక ముసలాయన నిలబడ్డాడు. తెల్ల పంచె, చొక్కా, భుజాన తువ్వాల, చేతిలో చిన్న సంచి. బస్సు కుదిపినప్పుడల్లా ఆయన కాళ్లు వణుకుతున్నాయి.

"జర అంచుకు కూసుంట బిడ్డా. మోకాళ్లు గుంజుతున్నయి."

"దానికి టికెట్ కొట్టిచ్చిన పెద్దాయనా. ఊకె ఏం కూసోబెట్టలే."

"ఆడపిల్లవని నీకు ఫ్రీ, దానికి టికెటా?" అంది శాంతమ్మ. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు.

భవ్యశ్రీ మొహం మాడిపోయింది.

వాళ్లకేం తెలుసు? ఆ గిటార్ దుకాణాల్లో వేలాడే రకం కాదు. యాభై ఏళ్ల కిందట ఎవరో పనివాడు ఒక్కో చెక్కా చేత్తో వంచి, చేత్తో అతికించి చేసింది. పోయిన దసరాకు సంగీతం సారు రాఘవేందర్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఇగ ఇది నీది. పసిపిల్ల లెక్క చూస్కో," అన్నాడు. మగ్గం మీద చీరలు నేసే ఇంట్లో పుట్టిన పిల్లకు అట్లాంటిది కలలోకి కూడా రాదు. ఇవాళ వనపర్తిలో పోటీ. పైన పెడితే పడిపోతుందని భయం, కింద పెడితే తొక్కుతారని భయం.

ఎర్రవల్లి దగ్గర ఎవరో పల్లీల మూట ఎక్కిస్తూ పెట్టెకు కొట్టారు. భవ్యశ్రీ పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా మూత తీసి చూసుకుంది.

తేనెరంగుకు తిరిగిన పాత చెక్క. వేళ్లు తగిలి తగిలి ఒకచోట మెరుపు పోయింది. గీత కూడా పడలేదు, నయం.

ముసలాయన వంగి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఎవరిదిది బిడ్డా?"

"నాదే. ఎవరిదైతే నీకెందుకు?" టపుక్కున మూత వేసేసింది.

ఆ తర్వాత ఆయన సీటు అడగలేదు. జనం వైపు వీపు పెట్టి, పెట్టెకు అడ్డంగా చెయ్యి చాచి నిలబడ్డాడు. ఎవరు తోసినా ఆ తోపు ఆయన వీపు మీదే పడుతోంది.

భవ్యశ్రీ కళ్లకు అదేం కనిపించలేదు. తన గిటార్ మీదికి వచ్చిన పరాయి చెయ్యి ఒక్కటే కనిపించింది.

బీచుపల్లి దాటాక బస్సు ఉన్నట్టుండి బ్రేకు వేసింది. ముసలాయన రెండు చేతులతో పెట్టెను వాటేసుకున్నాడు.

"చెయ్ తియ్! ఏందిది, అప్పటి సంది మీదమీదికొస్తున్నవ్?" భవ్యశ్రీ అరిచింది.

బస్సంతా ఇటు తిరిగింది.

"ఆడపిల్ల మీద చెయ్యేస్తవురా, ముసలోడా?" ఒక పడుచువాడు ఆయన కాలరు పట్టాడు.

"అయ్యో, కాదు నాయనా, నేను దాన్ని..."

మాట పూర్తి కాలేదు, చెంప పగిలింది. ఇంకొకడు తువ్వాల పట్టి గుంజాడు.

"చెప్పమ్మా, చెయ్యేసిండా లేదా?" శాంతమ్మ అడిగింది.

వాళ్లు అనుకున్నది వేరు, జరిగింది వేరు. భవ్యశ్రీకి తెలుసు. 'నా మీద కాదు, గిటార్ మీద' అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ ఆ మాట అంటే, ఆయన మళ్లీ ఇక్కడే నిలబడతాడు. అందరూ మళ్లీ సీటు సంగతి ఎత్తుతారు.

ఆమె పెట్టెను దగ్గరికి జరుపుకొని కిటికీ వైపు తిరిగింది.

"థూ! నీ ఇంట్ల ఆడపిల్లలు లేరా?" అంది శాంతమ్మ ఆయనతో.

ఆయన కళ్లు ఒక్కసారి పెట్టె వైపు పోయాయి.

బస్సు ఆగింది. మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్ ఎండ, చెట్టు లేని రోడ్డు. ఆయనను కిందికి నెట్టారు. సంచిని వెనకే విసిరేశారు.

ముసలాయన తడబడుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకుంది.

"ముంగట గుంతలున్నయి బిడ్డా. దాన్ని జర పైలంగ పట్కో," అన్నాడు.

బస్సు కదిలింది.

పోటీలో భవ్యశ్రీ బాగా వాయించింది. హాలంతా చప్పట్లు. మొదటి బహుమతి ఆమెకే.

ముందు వరుసలో ఒక కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. రాఘవేందర్ సారు అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. గుమ్మం వైపే చూస్తున్నాడు.

"ఎవరి కోసం సార్?"

"ఒస్తనన్నడు. ఫోన్ ఎత్తుతలేడు."

సారు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి ఎవరో ఎత్తారు. వింటూ వింటూనే ఆయన ఆ కుర్చీలో కూలబడ్డాడు.

"పెబ్బేరు దవాఖాన నుంచి మాట్లాడుతుండ్రు భవ్యా. బీచుపల్లి అవుతల రోడ్డు మీద ఎండకు పడిపోయిండంట. తీస్కొచ్చేటాల్లకే పాణం పోయిందంట."

భవ్యశ్రీ చేతిలోని బహుమతి కింద పెట్టింది.

"పంచె కట్టుకుంటడా సార్? భుజం మీద తువ్వాల..."

"అవ్. నీకెట్ల తెలుసు?"

ఆమె పెట్టెను ఒళ్లోకి లాక్కుంది. "ఎవరు సార్ ఆయన?" అంది.

"పెంటయ్య అని, ధరూర్ దిక్కు రైతు. నా పేరు చెప్పొద్దు సారూ అని ఒట్టు వెట్టిచ్చుకున్నడు. గందుకే నీకు చెప్పలే."

సారు కళ్లు తుడుచుకున్నాడు.

"పెబ్బేరు సంతల ఎడ్లనమ్మి బిడ్డకు కొనిచ్చిన గిటార్ అది, ఆ పిల్ల జరమొచ్చి సచ్చిపోతే, పేదింటి పిల్లకెవరికన్న ఇమ్మని నా చేతుల పెట్టి, దాని సప్పుడు ఇంకొక్కసారి ఇంటనని ఒస్తుండె."