మందు పెట్టిన మనిషి

దుప్పట్లో చుట్టిన పొడవాటి మూటని కూతురు బల్ల మీద ధన్‌మని పడేసింది.

"మెల్లిగా తల్లీ! తుపాకీ అది, కట్టెల మోపు కాదు," అన్నాడు తుపాకుల మేస్త్రి.

"కట్టెకీ దీనికీ తేడా లేకుండా చేసి పోయింది ఆవిడ. మీరే చూడండి."

ఆవిడంటే సవతి తల్లి. పోయి ఇంకా నెల తిరగలేదు. కూతురు ఏనాడూ నోరారా పిన్ని అన్న పాపాన పోలేదు. బతికున్నన్నాళ్ళూ ఆవిడే, పోయాక కూడా ఆవిడే.

వెనకాలే తండ్రి ఆయాసపడుతూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

పొద్దున ఇంట్లో తండ్రీకూతుళ్ళకి పెద్ద రగడే అయింది. హాల్లో అమ్మ ఫొటో పక్కన ముత్తాతగారి తుపాకీ వేలాడేది. దాన్ని తీసేసి ఆ చోట ఆవిడ ఫొటో పెట్టుకుందామని ఆయన. ససేమిరా కుదరదు, తుపాకీ బాగు చేయించి మళ్ళీ అక్కడే తగిలిస్తానని కూతురు. చివరికి ఆయనే తగ్గాడు. పెళ్ళాం పోయిన మగాడికి కూతురితో పోట్లాడే ఓపిక ఎక్కడుంటుంది?

మేస్త్రి గొట్టం మూతిలోకి టార్చి వేసి చూశాడు.

"మూతిలోంచి మందూ గుండూ కూరి కాల్చే రకం. ఇలాంటిది చేతికొచ్చి ఎన్నాళ్ళయిందో! లోపల మెలికల గాడులు పైన శుభ్రంగానే ఉన్నాయి. అడుగున మాత్రం తుప్పు తినేసింది."

"బాగవుతుందా?"

"సీసం కరిగించి లోపల పోస్తా. గాడుల అచ్చు దిగుతుంది. దానికి నూనె, గరుకుగా ఉండే ఎమరీ పౌడరు పట్టించి తోస్తూ లాగుతూ ఉంటే తుప్పు వదులుతుంది. నా రెక్కలు కూడా ఊడొస్తాయనుకోండి, అది వేరే సంగతి."

కూతురికి నవ్వు రాలేదు.

"ఇంట్లో ఇత్తడి గిన్నెలన్నీ అద్దాల్లా తోమేది. దీని దగ్గరికి మాత్రం పోయేది కాదు. అమ్మ కాలం నాటిది కదా, కంట్లో నలుసులా ఉండేది."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అన్నాడు తండ్రి.

"ఎందుకేమిటి నాన్నా? వంటకని వచ్చి ఇల్లే చేజిక్కించుకుంది. నీకు మందు పెట్టిందని చుట్టాలంతా ఊరికే అన్నారా?"

మేస్త్రి విననట్టు నటిస్తూ గొట్టంలోకి కడ్డీ దించాడు. మూతి దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి, పైకి తీసి, గొట్టం పక్కన ఆనించి చూశాడు. అడుగుదాకా రావలసిన కడ్డీ నాలుగు వేళ్ళ మేర తక్కువొచ్చింది.

ఆయన ముఖం మారిపోయింది.

"దూరం జరగండమ్మా. ఇది కూరి ఉంది!"

కూతురు గబుక్కున గోడకి అతుక్కుపోయింది.

మేస్త్రి అడుగునున్న చిన్న బెజ్జంలోంచి నూనె ఎక్కించాడు. బాగా నానాక, కొసకి మర ఉన్న కడ్డీతో గుండుని మెల్లగా పైకి లాగాడు. దాని వెనకే నల్లటి ముద్ద జారింది. వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. మళ్ళీ నలిపాడు.

"ఇదేం విడ్డూరం! ఇది మందు కాదు. గంధకం వాసనే లేదు."

"మరేంటి?"

"పొయ్యి బొగ్గు. నూరి ఉప్పు కలిపారు. ఇదిగో, పలుకులు కనబడుతున్నాయి చూడండి. అందుకా అడుగున అంత తుప్పు! ఇంతకీ దీన్ని కూరిందెవరు?"

"నేనే," అన్నాడు తండ్రి.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"మీ అమ్మ పోయిన ఏడాది. నువ్వప్పుడు అమ్మమ్మ దగ్గరున్నావు."

"కాల్చారా?" అడిగాడు మేస్త్రి.

"కాల్చాను. టప్పుమంది, పేలలేదు. మందు చెమ్మగిల్లిందనుకున్నా. మళ్ళీ గోడకి తగిలించేశాను. రెండోసారికి ధైర్యం చాల్లేదు."

"దేన్ని కాల్చబోయారు?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"నన్నే."

కూతురు గోడ వదిలి బల్ల దగ్గరికొచ్చి, ఆ నల్లటి ముద్దని తనూ నలిపి చూసింది.

"మందు డబ్బా ఎక్కడుండేది నాన్నా?"

"వంటింట్లో, అటక మీద. అక్కడయితే చెమ్మ తగలదని."

"నువ్విలా చేస్తావని ఆవిడకెలా తెలిసింది?"

"మీ అమ్మ ఫొటోతో పైకే మాట్లాడేవాణ్ణి. నేనూ వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా అని. వంటింట్లోకి వినబడి ఉంటుంది." ఆయన బల్ల మీది గుండుని చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్నేళ్ళు కలిసి బతికాం. ఒక్కనాడు నోరు జారలేదమ్మా. నాకూ ఇప్పుడే తెలుస్తోంది."

మందు పెట్టిందని చుట్టాలంతా ఆడిపోసుకున్న మనిషి, ఉన్న మందు కాస్తా పారబోసి ఊరుకుంది. ఎవరేమన్నా తలొంచుకుని గిన్నెలు తోముకుంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఉప్పు తిన్న గుంటలు పోవాలంటే లోపలంతా కోసి, గాడులు కొత్తగా తియ్యాలమ్మా. తియ్యమంటారా?"

"వద్దు. అవి అలాగే ఉండనివ్వండి," అంది కూతురు. తండ్రి వైపు తిరిగింది. "ఆవిడ ఫొటో ఎక్కడుంది నాన్నా?"

"బీరువాలో ఉంది. నీ కంటబడకుండా పెట్టాను."

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. ఏడుస్తూనే తనకి తాను సర్దిచెప్పుకోబోయింది.

"ఎంతైనా కట్టుకున్నది కదా. మొగుణ్ణి కాపాడుకుంది."

తండ్రి తల అడ్డంగా ఊపాడు.

"అప్పటికి పెళ్ళెక్కడిదమ్మా! వంటకి అప్పుడే కొత్తగా కుదిరింది, నాకింకా ఆవిడ పేరైనా తెలీదు."